అందించని అక్షరం

ఆసుపత్రిలో అందరూ ఆమెను మాటల డాక్టరమ్మ అంటారు. ఆమె డాక్టరేమీ కాదు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళకు మళ్ళీ మాట్లాడటం నేర్పడం ఆమె పని. కింది అంతస్తులో, ఎక్స్‌రే గది దాటాక, నడవా చివర ఆమె గది. అందులో ఒక పెద్ద అద్దం, రెండు కుర్చీలు, ఒక బల్ల. బల్ల మీద దువ్వెన, తాళంచెవి, గ్లాసు, చెంచా, గొడుగు. చూస్తే ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ మరిచిపోయిన సామానులా ఉంటుంది. వాటి పేర్లు చెప్పించడంతోనే ఆమె రోజులు గడిచిపోతాయి. నిన్నమొన్నటిదాకా కోర్టులో గొంతు చించుకున్న ప్లీడరు, దువ్వెన చేత్తో పట్టుకుని దాని పేరు కోసం చెమటలు కక్కుతాడు. పేరు నాలిక చివరే ఉంటుంది, కిందికి దిగదు. అప్పుడు ఆమె మొదటి అక్షరం అందిస్తుంది. "దు..." అంటుంది. అడ్డుకట్ట తీసినట్టు మిగతా మాట జారి వచ్చేస్తుంది. ఆ క్షణంలో ఆ మనిషి ముఖం చూడాలి. ఆ ముఖాలు చూడటానికే ఈ ఉద్యోగం చేస్తున్నానని ఆమె తల్లితో అంటుండేది. తల్లి మాత్రం, "ఊళ్ళో వాళ్ళందరి నోళ్ళూ తెరిపిస్తావు, ఇంటికొచ్చి నీ నోరు మూసుకుంటావు" అని దెప్పేది.

ఒక సోమవారం ఉదయం, ఇరవై రెండు మూడేళ్ళ అమ్మాయి చక్రాల కుర్చీ తోసుకుంటూ లోపలికి వచ్చింది. కుర్చీలో ఒక పెద్దాయన. కుడిచెయ్యి ఒళ్ళో ఎవరిదో పెట్టినట్టు పడి ఉంది. మాటల డాక్టరమ్మ అందరితో అన్నట్టే నవ్వుతూ, "ఎలా ఉన్నారండీ?" అంది. జవాబు చెప్పబోతూ ఆయన ఎడమచేత్తో చొక్కా కాలరు సర్దుకున్నాడు. గడ్డం పైకెత్తి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు, ఎదురుగా వందమంది నిలబడి ఉన్నట్టు. నోట్లోంచి మాత్రం ఏమీ రాలేదు.

ఆ కాలరు సర్దుకోవడం ఆమె చిన్నప్పుడు వేలం బల్లల కింద కూర్చుని చూసింది. చేతిలో ఉన్న గ్లాసు జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"మా నాన్న వేలం వేసేవారు మేడమ్," అంది ఆ అమ్మాయి. "ఆయన మాట్లాడుతుంటే జనం ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు కాదు. ఇప్పుడు మంచినీళ్ళు కూడా అడగలేకపోతున్నారు." అంతలో డాక్టరమ్మ కోటు మీది పేరు చూసి ముచ్చటపడింది. "అరె, మీదీ నా పేరేనా! చూశావా నాన్నా, ఇక్కడ కూడా నీకు నా పేరే దొరికింది."

పెద్దాయన ఆ పేరు చూశాడు. తర్వాత ముఖం చూశాడు. చూస్తూ చూస్తూ ఏడవడం మొదలుపెట్టాడు. అమ్మాయి కంగారుపడి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఈ జబ్బులో ఏడుపూ నవ్వూ కట్టు తెగి వస్తాయమ్మా. వాటికి అర్థాలు వెతక్కండి," అంది డాక్టరమ్మ. రోగుల బంధువులకు రోజూ చెప్పే మాటే. ఆ రోజు కూడా అదే గొంతుతో చెప్పింది. తర్వాత చేతులు కడుక్కునే నెపంతో పక్కకు వెళ్ళి, కొళాయి తిప్పి, చాలాసేపు నీళ్ళ కింద చేతులు పెట్టుకుని నిలబడింది.

ఆమె చిన్నతనంలో ఆయన నోరు ఊరందరికీ తెలుసు. పాత సామాను వేలం వేసేవాడు. ఆయన నోట్లో పడితే కుంటి బల్ల రాజుగారి బల్ల అయ్యేది. ఆగిపోయిన గోడ గడియారం 'తొందరన్నది తెలియని గడియారం' అయ్యేది. జనం పగలబడి నవ్వుతూనే పాట పెంచేవాళ్ళు. ఇంట్లో కూడా ఊరుకునేవాడు కాదు. కంచంలో చివరి ముద్దను వేలానికి పెట్టేవాడు. కూతురు ముద్దులతో పాట పెంచితే, తల్లి వైపు తిరిగి, "ఇంకెవరైనా ఉన్నారా? లేరు కదా?" అని ఆ ముద్ద కూతురి నోట్లో పెట్టేవాడు. లోకంలో నాన్నలందరూ అలాగే ఉంటారని ఆ పిల్ల అనుకునేది. అలా ఉండరని బళ్ళో తెలిశాక గర్వపడింది.

ఆమెకు తొమ్మిదో ఏట, పొరుగూరిలో వేలం ఉందని చెప్పి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. తల్లి కొన్నాళ్ళు అడిగినవాళ్ళందరికీ 'క్యాంపులో ఉన్నారు' అని చెప్పింది. తర్వాత ఎవరో పోల్చుకుని వచ్చి చెప్పారు: ఫలానా నగరంలో పెద్ద వేలంశాలలో వేలం వేస్తున్నాడట, ఎవరితోనో కాపురం కూడా పెట్టాడట. తల్లి మారు మాట్లాడకుండా కూతురిని తీసుకుని బస్సెక్కింది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ప్రయాణం. దారి పొడుగునా తల్లికి వాంతులు.

వేలంశాల వెనక, ఒకదాని మీద ఒకటి పేర్చిన బీరువాల మధ్య నిలబడి కబురు పంపితే ఆయన వచ్చాడు. తప్పు చేసినవాడిలా రాలేదు, పండగకు ఎదురొచ్చినవాడిలా వచ్చాడు. కూతురిని ఎత్తుకుని, "నా బంగారమే! ఎంత చిక్కిపోయావే!" అన్నాడు. సోడా తెప్పించి తాగించాడు. తల్లీకూతుళ్ళను అక్కడే ఉన్న బెంచీ మీద కూర్చోబెట్టి, "ఆఖరి పాట ఒక్కటుంది, అది ముగించుకుని వచ్చేస్తా. ముగ్గురం ఇంటికి పోదాం," అన్నాడు. గోడ అవతల ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. జనం నవ్వులూ వినిపించాయి. ఆ పిల్ల కూడా ఇటువైపునుంచి నవ్వింది. కాసేపటికి గొంతు ఆగిపోయింది. ఇద్దరు కూలీలు వచ్చి, "లేవండమ్మా, ఈ బెంచీని ఎవరో కొనుక్కున్నారు," అన్నారు. వాళ్ళు లేస్తే బెంచీని ఎత్తుకుపోయారు. ఆయన పెరటి గేటు గుండా ఎప్పుడో వెళ్ళిపోయాడని కాపలావాడు చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో తల్లి ఒక్కటే మాట అంది. "పోయినవాడు పోయాడు. ఇక తలుపు గడియ పెట్టుకుందాం." ఇల్లు చేరాక ఆ ఊరు వదిలి, ఎవరూ ఎరగని ఈ ఊరు వచ్చి ఒక లాండ్రీలో పనికి కుదిరింది. హోటళ్ళ దుప్పట్లు మడతపెట్టి మడతపెట్టి కూతురిని చదివించింది. ఆ పిల్లకు మాత్రం నత్తి పట్టుకుంది. అంతకు ముందు బల్లలెక్కి తండ్రిలా వేలం వేసిన పిల్ల, బళ్ళో హాజరు పలకడానికి కూడా తడుముకునేది. నత్తికీ తండ్రి వెళ్ళిపోవడానికీ సంబంధం ఉండనక్కర్లేదని పెద్దయ్యాక చదువుకుంది. చదువుకున్నదంతా నమ్మాలని ఎక్కడా లేదు.

సొంతవాళ్ళకు వైద్యం చేయకూడదన్నది అక్కడి నియమం. ఆ నియమం ప్రకారం ఆమె ఆ రోజే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆయన నా తండ్రి అని చెప్పి తప్పుకోవాలి. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళిపోయావని ఆమె ఒక మనిషిని అడగాలి. ఆ మనిషి దొరికాడు గానీ జవాబు చెప్పే నోరు లేకుండా దొరికాడు. ఆ నోరు బాగుచేసే విద్య ఆ ఆసుపత్రి మొత్తానికి ఆమె ఒక్కదానికే వచ్చు.

వారంలో మూడు పూటలు వచ్చేవాళ్ళు. ఆ అమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేసేది, ఆ పని కోసమే తండ్రితో ఈ ఊరు వచ్చింది. యజమానిని బతిమాలుకుని మధ్యాహ్నాలు సెలవు తీసుకునేది. ఆమె తల్లి పోయి చాలాకాలమైంది, ఇంట్లో తండ్రీ కూతురూ ఇద్దరే. ఆయన గడ్డం గీసేదీ, చొక్కా తొడిగేదీ, నోటి చివర కారిన చొంగ తుడిచేదీ ఆ పిల్లే. తుడిచి రుమాలును తన హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకునేది. డాక్టరమ్మ అన్నీ చూస్తూ, చూడనట్టు గొడుగు చేతికిచ్చి, "ఇదేమిటండీ?" అనేది.

ఆయనకు గొడుగు రాదు, నీళ్ళు రావు, కూతురి పేరు రాదు. కానీ ఒకరోజు అద్దంలో తన ముఖం చూసుకుంటూ ఉన్నట్టుండి, "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!" అని గడగడా పాడేశాడు. నడవాలో కూర్చున్నవాళ్ళు కూడా తొంగి చూశారు. అమ్మాయి ఆనందంతో చప్పట్లు కొట్టింది. జన్మంతా వల్లించిన మాటలు మెదడులో మరో మూల దాగి ఉంటాయని, జబ్బు వాటి జోలికి పోదని డాక్టరమ్మ వివరించింది. ఆ తర్వాత ఆయన ఏది కావాలన్నా అదే వాడుకున్నాడు. దాహం వేస్తే "రెండోసారి." కోపం వస్తే "మూడోసారి." అమ్మాయి నవ్వి నవ్వి అర్థం చేసుకునేది. డాక్టరమ్మ ఆ మాట వినపడినప్పుడల్లా కిటికీ వైపు తిరిగేది.

అందరికీ ఇచ్చేది ఒకటి ఆయనకు ఇవ్వలేదు. మొదటి అక్షరం అందించలేదు. తాళంచెవి ఎదురుగా పెట్టి, ఆయన నోరు తెరిచి మూస్తుంటే, కళ్ళలోకి చూస్తూ కూర్చునేది. ఆయన మెడ నరాలు పొంగేవి. కన్నీళ్ళు కారేవి. ఆమె కదిలేది కాదు.

"కాస్త అందించండి మేడమ్," అంది అమ్మాయి ఒకరోజు ఉండబట్టలేక. "బయట కూర్చున్నవాళ్ళు చెప్పారు, మీరు అందరికీ అందిస్తారట కదా."

"తనంతట తాను తెచ్చుకున్న మాటే నిలుస్తుందమ్మా," అంది డాక్టరమ్మ. అది పుస్తకాల్లో ఉన్న మాటే, అబద్ధం కాదు. అయినా అంటున్నప్పుడు ఆమె చెవులు వేడెక్కాయి.

విచిత్రం ఏమిటంటే ఆ మొండితనమే పనిచేసింది. అవును, కాదు వచ్చాయి. నీళ్ళు వచ్చాయి. ఒక్కో మాటనూ లోతైన బావిలోంచి చేదినట్టు, ఆగి ఆగి తోడుకునేవాడు. మిగతా రోగులకంటే ముందే రెండు మాటలు కలపడం వచ్చింది. ఆసుపత్రిలో అందరూ ఆమెను మెచ్చుకున్నారు. అమ్మాయి ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. ఆ చేతులు వెనక్కి తీసుకోవడానికి డాక్టరమ్మ ఏదో వంక వెతుక్కుంది.

ఒక మధ్యాహ్నం పెద్దాయనను కాళ్ళ వ్యాయామానికి పక్క గదిలోకి తీసుకెళ్ళారు. అమ్మాయి రెండు కప్పుల టీ తెచ్చి, ఒకటి డాక్టరమ్మ ముందు పెట్టి, కూర్చుని కబుర్లు మొదలుపెట్టింది. నాన్న సైకిలు వెనకాల పరిగెత్తి తనకు తొక్కడం ఎలా నేర్పించాడో చెప్పింది. జ్వరం వస్తే రాత్రంతా భుజం మీద వేసుకుని తిరిగిన సంగతి చెప్పింది. ఒక్క పూట కూడా వదిలి ఉండేవాడు కాదట. పొరుగూరి వేలాలకు ఎవరు పిలిచినా వెళ్ళేవాడు కాదట.

"ఎందుకంటే ఆయనకు ఒక దెబ్బ తగిలింది మేడమ్. మా అమ్మకంటే ముందు ఒక పెళ్ళయింది. ఒక కూతురు. ఆయన వేలానికి వేరే ఊరు వెళ్ళినప్పుడు, వాళ్ళిద్దరూ ఆయన్ని చూడటానికి బస్సులో బయల్దేరారట. దారిలో ప్రమాదం. ఇద్దరూ పోయారు. ఆ పాప పేరే నాకు పెట్టారు."

డాక్టరమ్మ టీ కప్పు అంచు చూస్తూ కూర్చుంది. ఆ పేరు విన్న మొదటిరోజు నుంచి లోలోపల ఒక ఊహ దాచుకుంది. మరిచిపోలేక పెట్టుకున్నాడేమో అని. ఆ ఊహను ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించకుండా, తనకు తానే చూపించుకోకుండా దాచింది.

"నిజం చెప్పనా మేడమ్," అంది అమ్మాయి గొంతు తగ్గించి. "నాకు ఆ అక్కంటే కుళ్ళు. నేను ఫస్టు మార్కులు తెచ్చినా, అది బతికుంటే ఎంత మురిసిపోయేదో అని కళ్ళు తుడుచుకునేవారు. బతికున్నవాళ్ళతో అయితే దెబ్బలాడొచ్చు. చచ్చిపోయినవాళ్ళతో ఏం పోటీ పడతాం?"

ఆ సాయంత్రం డాక్టరమ్మ ఇంటికి వెళ్ళి, అప్పటిదాకా దాచిన సంగతంతా తల్లికి చెప్పేసింది. తల్లి వంటింటి గట్టు దగ్గర నిలబడి గిన్నెలు తోముతోంది. ఆయన ఊళ్ళోనే ఉన్నాడన్నా, కాలూ చెయ్యీ పడిపోయాయన్నా చేతిలో గిన్నె ఆగలేదు. చనిపోయిన భార్యాబిడ్డల కథ దగ్గర మాత్రం ఆగింది.

"నన్ను కూడా చంపేశాడా?"

"ఆఁ."

"ఎట్లా పోయానట?"

"బస్సు ప్రమాదంలో."

"నాకు బస్సు పడదని తెలిసి కూడానా?" అని తల్లి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆపుకోలేక గట్టు పట్టుకుంది. కూతురికీ నవ్వు వచ్చింది. ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. తర్వాత తల్లి చెంగుతో ముఖం తుడుచుకుని, మళ్ళీ గిన్నె చేతిలోకి తీసుకుంది.

"నేనూ చంపానులే," అంది కాసేపటికి. "మొగుడు వదిలేశాడంటే ఎవరూ ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు కాదు. పోయాడని చెప్తేనే ఇచ్చారు. నీ బళ్ళోనూ అదే చెప్పాను. నేను గూడు కోసం చంపాను. ఆయనకు ఏం తక్కువై చంపాడో అడుగు."

"నువ్వు వచ్చి అడగవా?"

"నాకేం పని? చచ్చినవాళ్ళు ఆసుపత్రికి పోరు," అంది తల్లి.

ఆయన్ని అడగడానికి డాక్టరమ్మ సమయం కోసం ఎదురు చూసింది. ఒకరోజు దుకాణంలో పనిబడి, అమ్మాయి తండ్రిని గదిలో దింపి గంటలో వస్తానని వెళ్ళింది. డాక్టరమ్మ తలుపు దగ్గరగా వేసింది. బల్ల మీది సామాను పక్కకు జరిపింది. కుర్చీ ఆయనకు ఎదురుగా లాక్కుని కూర్చుంది.

"నేనెవరో మీకు తెలుసా?"

ఆయన చాలాసేపు నోరు కదిపాడు. "తెలుసు," అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"మొదటి... రోజు."

చిన్నప్పుడు నాన్నను ఆమె 'నువ్వు' అనేది. ఇన్ని వారాలుగా రోగిని 'మీరు' అంటోంది. ఇప్పుడు ఏదనాలో తెలియక ఒక క్షణం ఆగింది. తర్వాత నోరే తేల్చుకుంది.

"ఎందుకు వెళ్ళిపోయావు నాన్నా?"

ఆయన కాలరు మీదికి చెయ్యి వెళ్ళింది. గొంతు సవరించుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. పెదవులు కలిపాడు, విడదీశాడు, మళ్ళీ కలిపాడు. ఆమె తనకు తెలియకుండానే ముందుకు వంగింది. ఏ మాట కోసం పాటుపడుతున్నాడో తెలిస్తే ఆ రోజు మొదటి అక్షరం అందించి ఉండేదే.

"మీ అమ్మ..." అన్నాడు. "మీ అమ్మ... రానివ్వలేదు."

ఆమె వెనక్కి వాలింది. ఒక్కో మాటకూ ప్రాణం పెడుతున్న మనిషి, ఒక్క నీళ్ళ చుక్క అడగడానికి ఇంత యాతన పడే మనిషి, అబద్ధం కోసం అంత కష్టపడతాడని ఆమె అనుకోలేదు. మాటలు తక్కువైతే మనిషి దగ్గర నిజాలే మిగులుతాయని ఇన్నేళ్ళూ తన విద్య మీద నమ్మకంతో అనుకుంది.

"ఆ బెంచీ మీద నేనూ ఉన్నాను," అంది. "అమ్మ పక్కనే ఉన్నాను. సోడా తాగుతున్నాను. నువ్వు మర్చిపోయావేమో, నాకు తొమ్మిదేళ్ళు. నాకన్నీ గుర్తుంటాయి."

ఆయన ఏడ్చాడు. ఆ ఏడుపుకు అర్థం వెతకకూడదని ఆమెకు తెలుసు కాబట్టి వెతకలేదు. ఇంతలో నడవాలో అమ్మాయి చెప్పుల చప్పుడు వినిపించింది. ఆయన ఏడుపు చటుక్కున ఆగింది. ఎడమచేత్తో ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"దానికి చెప్పకు," అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "చిన్నది. అది తట్టుకోలేదు."

ఎక్కడా తడబడలేదు. జబ్బు చేశాక ఆయన నోట వచ్చిన అతి పెద్ద మాట అదే. ఇంకో రోజైతే ఇంత బాగా మాట్లాడినందుకు ఆమె భుజం తట్టి మెచ్చుకునేది. ఇద్దరు కూతుళ్ళలో తట్టుకునేది ఎవరో, తట్టుకోలేనిది ఎవరో ఆయన ఎప్పుడో పంపకాలు చేసేసుకున్నాడు. ఆ పంపకంలో తన వాటాకు ఏం వచ్చిందో ఆమెకు అప్పుడు తెలిసింది. మణికట్టు విడిపించుకుని, లేచి తలుపు తీసింది.

అమ్మాయికి ఏమీ చెప్పలేదు. ఆయన మీద దయ కాదు. ఆ పిల్ల హ్యాండ్‌బ్యాగులో మడిచి పెట్టుకున్న ఆ రుమాలు గుర్తొచ్చి చెప్పలేకపోయింది. పెద్ద డాక్టరుతో మాట్లాడి, ఇంకో ఆసుపత్రికి పంపించేయాలనుకుంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని నాలుగు రోజులు నెట్టింది.

ఆ నాలుగు రోజుల్లో ఆయన తన పని కానిచ్చుకున్నాడు.

మళ్ళీ వచ్చినప్పుడు అమ్మాయి ముఖం ఎర్రగా కంది ఉంది. తండ్రి కుర్చీని గది మధ్యలో ఆపి, కూర్చోకుండానే మాట్లాడింది. నాన్న ఇక్కడికి రానని మొండికేస్తున్నారని, రాత్రిళ్ళు నిద్రపోవడం లేదని చెప్పింది. "మీరు ఆయన్ని తిడుతున్నారట. ఎవరూ లేనప్పుడు. మాట రానివాడు, ఎవరికి చెప్పుకుంటాడులే అనుకున్నారా? మీమీద ఎంత నమ్మకం పెట్టుకున్నాను మేడమ్."

డాక్టరమ్మ ఆ కోపం చూసింది. తన తరఫున ఎవరైనా అలా ఒక్కసారి కళ్ళెర్రజేస్తే బాగుండునని చిన్నప్పుడు ఎన్నోసార్లు అనుకుంది. తల్లికి దుప్పట్ల మధ్య కోపగించుకునే తీరిక కూడా ఉండేది కాదు. ఆ కోపం ఇప్పుడు ఆయనకు దొరికింది.

ఆయన వైపు తిరిగి, "నేను మిమ్మల్ని తిట్టానా?" అని అడిగింది.

ఆయన గోడ వైపు చూస్తూ, "తిట్టింది," అన్నాడు.

అప్పటిదాకా చెప్పాలని ఆమె అనుకోలేదు. అప్పుడు కూడా గొంతు పెంచలేదు. "మీకు ఒక అక్క ఉండేదన్నారు కదమ్మా," అంది. "ఆ అక్క చనిపోలేదు. ఏ బస్సుకూ ప్రమాదం జరగలేదు. వాళ్ళమ్మ కూడా బతికే ఉంది. పొద్దున నాకు టిఫిన్ డబ్బా కట్టిచ్చింది."

అమ్మాయికి మొదట అర్థం కాలేదు. తర్వాత చూపు మెల్లగా కోటు మీది పేరు దగ్గరికి వెళ్ళింది. అక్కడే చాలాసేపు ఉండిపోయింది.

"నాన్నా?"

"కాదు," అన్నాడాయన వెంటనే. తడుముకోలేదు, చెమట పట్టలేదు. అవును, కాదు అన్నవి ఎవరికైనా అన్నిటికంటే ముందు నేర్పే మాటలు. ఆ మాటను ఆయనకు ఆమే నేర్పింది.

"నాన్నా, నా వైపు చూసి చెప్పు."

"కాదు. కాదు. ఎవరో."

ఉన్నట్టుండి ఎవరో వచ్చి చచ్చిపోయిన నీ కూతురిని నేనే అంటే, ఏ తండ్రయినా ఉలిక్కిపడతాడు. కనీసం ఆ ముఖాన్ని ఒక్కసారి వెతికి చూస్తాడు. ఆయన చూడలేదు. ఆ సంగతి అమ్మాయి కూడా గమనించింది. ఆమె ముఖంలో ఎరుపు దిగిపోయి, బూడిద రాసినట్టయింది. కోపంగా అనలేదు, ఆలోచించుకుని అన్నట్టు అంది.

"మీరు చచ్చిపోయి ఉంటేనే బాగుండేది."

కుర్చీ వెనక్కి తిప్పింది. గడప దగ్గర చక్రం ఇరుక్కుంది. రెండుసార్లు తోసినా రాలేదు. డాక్టరమ్మ అలవాటు కొద్దీ వెళ్ళి ముందు చక్రం ఎత్తి పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఆయన్ని నడవాలోకి దింపారు. ఎవరూ ఎవరి వైపూ చూడలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పింది. ఆయన గట్టిగానే మందలించాడు. కొన్నాళ్ళు కొత్త రోగులను ఆమెకు అప్పగించలేదు. ఇంట్లో తల్లి అంతా విని, "నిజం చెప్పేశావు. కడుపు నిండిందా?" అని అడిగింది. కూతురు లేదంది. "నిండదు," అంది తల్లి, అన్నం వడ్డిస్తూ.

తండ్రి వేరే ఆసుపత్రికి మారాడు. బాగా కోలుకున్నాడని అక్కడ పనిచేసే ఒకతను చెప్పాడు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడట. బయట వరండాలో నలుగురిని పోగేసి కబుర్లు చెబుతున్నాడట. మాట ఎలా వచ్చిందని అడిగితే, పాత ఆసుపత్రిలో ఒక రాక్షసి పాలపడ్డానని, ఎలాగో తప్పించుకుని వచ్చి దేవుడి దయవల్ల తనంతట తానే నేర్చుకున్నానని చెబుతాడట. జనం బాగా నవ్వుతారని కూడా అతను చెప్పాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో, భోజనాల వేళ, ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. తలుపు దగ్గర నిలబడి, రావచ్చా అని అడిగింది. చిక్కిపోయింది. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది. డాక్టరమ్మ తన డబ్బాలోంచి కొంచెం మూతలో పెట్టి ఇవ్వబోతే వద్దంది. నాన్నను బాగానే చూసుకుంటున్నానని, అడక్కుండానే చెప్పింది. చొక్కా తొడుగుతున్నానని, మందులు వేస్తున్నానని, మాట్లాడటం మాత్రం అవసరం మేరకే అని చెప్పింది. ఆయన మాట్లాడుతూనే ఉంటాడట.

"మీకు సారీ చెప్పడానికి రాలేదు మేడమ్," అంది.

"అక్కర్లేదు."

"ఒకటి అడగడానికి వచ్చాను." చేతులు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు చూసుకుంది. "మా అమ్మకు తెలుసా? మీరు బతికున్నారని తెలిసే ఆయనతో ఉందా? లేకపోతే నాలాగే ఆమెక్కూడా చనిపోయారని చెప్పారా? మా అమ్మ చాలా మంచిది మేడమ్. కానీ ఇప్పుడు ఫోటో చూస్తే నాకు ఏదోలా ఉంటోంది."

డాక్టరమ్మకు తెలియదు. ఆ ఇంటి వైపు సంగతులు ఆమెకూ, ఆమె తల్లికీ ఎప్పుడూ తెలియలేదు. అదే చెప్పింది. ఆ సంగతి తెలిసిన మనిషి ఇంకొక్కరే ఉన్నారని, ఆయన్నే అడగాలని అంది.

"అడిగాను."

"ఏమన్నారు?"

"మీ అమ్మకేమీ తెలియదన్నారు. పాపం, చివరిదాకా అమాయకురాలన్నారు." అమ్మాయి తల ఎత్తింది. కళ్ళు పొడిగా ఉన్నాయి. "నాకు కావాల్సిన మాట అదే. కానీ అది చెప్పింది ఆయన. ఇప్పుడు దాన్ని ఏం చేసుకోను?"

డాక్టరమ్మ ఏదో అనబోయింది. ఎంతోమందికి మాటలు అందించిన మనిషి, ఆ పిల్లకు అందించడానికి ఏమీ దొరక్క ఊరుకుంది. బయట తర్వాతి రోగి వచ్చి, తలుపు మీద మెల్లగా తట్టాడు. అమ్మాయి లేచి, బ్యాగు భుజాన వేసుకుని, "వస్తాను మేడమ్," అని వెళ్ళిపోయింది.